పందొమ్మిదో నోట్‌బుక్

శ్రీరామమూర్తి మాస్టారు లిఫ్టు గుంతలో పడి చనిపోయి ఆ ఆదివారానికి మూడు రోజులైంది. కింద ఆయన ప్రాణం పోయి పడి ఉంటే, పైన మెట్ల మీద ఆయన శిష్యులు వరసగా కూర్చుని ఇంగ్లిష్ హోంవర్కు రాసుకుంటున్నారన్న సంగతి డిటెక్టివ్ విజయదుర్గకు తెలిసింది మాత్రం నిన్ననే. అప్పటినుంచీ ఆవిడకు ముద్ద దిగడం లేదు.

శవాలను చూడని మనిషి కాదు. పదిహేనేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఎనిమిదేళ్ల కింద దాన్ని వదిలేసి, ఎల్బీనగర్‌లో ఒక మందుల షాపు మీద గదిలో సొంత బోర్డు పెట్టుకుంది. అయినా ఆ మెట్లు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. ఆ నాలుగంతస్తుల బిల్డింగులోనే ఐదున్నాయి. మూడో అంతస్తులో మాస్టారిది స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. మిగతా చోట్ల బెంచీలు, బూట్ల చప్పుళ్లు. ఇక్కడ మాత్రం నేల మీద జంపఖానా పరిచి ఉంటుంది, చెప్పులు గుమ్మం బయటే విప్పి రావాలి. చదువుకునే చోటికి చెప్పులతో వస్తే చదువు కూడా చెప్పుల్లాగే గుమ్మం దగ్గర ఆగిపోతుందని మాస్టారు అనేవారట.

ఆయన పాఠం చెప్పే తీరు కూడా వేరు. ఆరింటి బ్యాచ్ వాళ్లు కాస్త ముందుగా వచ్చి మెట్ల మీద కూర్చోవాలి. ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా తమ కళ్లతో చూసిన వాటి మీద ఐదు వాక్యాలు రాయాలి. ప్రతి వాక్యంలోనూ పని ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది అని చెప్పే మాటల గుంపు ఉండి తీరాలి. దాన్నే యాడ్వర్బ్ ఫ్రేజ్ అంటారు. రాసిన నోట్‌బుక్‌ను మెట్ల మలుపులో ఉన్న స్టూలు మీద పెట్టాలి. ముందొచ్చినవాళ్లది అడుగున, ఆఖరివాళ్లది పైన. క్లాసు గోడ మీద మాస్టారి చేతిరాతతో ఒక అట్ట ఉంది: 'ఏం జరిగిందో మాత్రమే చెబితే అది పుకారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో కూడా చెబితే అది సాక్ష్యం.'

గురువారం నాటి నోట్‌బుక్కులు పద్ధెనిమిది ఇప్పుడు విజయదుర్గ ముందున్నాయి. పోలీసులు వాటిని చిత్తు కాగితాల కింద లెక్కగట్టి వదిలేశారు. ఆవిడ రాత్రంతా కూర్చుని తొంభై వాక్యాలూ చదివింది. ఎనభై తొమ్మిదింటిలో ఆవులు, ఆటోలు, పాల ప్యాకెట్లు. మిగిలిన ఒక్కటే ఆవిడను ఈ పొద్దున ఈ క్లాసు గదికి లాక్కొచ్చింది.

ప్రమాదమంటే నమ్మలేక ఈ కేసు ఆవిడకు అప్పగించిన మాస్టారి కూతురు భావన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"నాన్న ఆఖరి మూడు రోజులూ పాత నోట్‌బుక్కులే చదివారు ఆంటీ. నాలుగో అంతస్తులోకి తెల్లవారుజామున ఎవరో కుర్రాళ్లను తీసుకొస్తున్నారట, వాళ్ల ఫోన్లన్నీ ఒక బకెట్లో వేయిస్తున్నారట. ఒకళ్లు వ్యాను చూశారు, ఒకళ్లు బకెట్ చూశారు, ఇంకొకళ్లు లీకైన ప్రశ్నపత్రం చూసి బట్టీ పడుతున్నది విన్నారు. ఎవరికి వాళ్లు హోంవర్కనుకుని రాశారు. నాన్న అన్నీ కలిపి చూశారు."

"ఎవరు చేయిస్తున్నారో పేరు చెప్పారా?"

"చెప్పలేదు. 'మన క్లాసువాడే అమ్మా. పిలిచి అడుగుతాను, తప్పు దిద్దుకోవడానికి ఒక అవకాశం ఇస్తాను' అన్నారు. బుధవారం రాత్రి అన్న మాట అది." తెల్లారేసరికి ఆయన లేరు.

మన క్లాసువాడే. విజయదుర్గ ఆ రెండు మాటలనే మనసులో నమిలింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి దేవుడెరుగు, ఆవిడ మాత్రం పట్టాలి. ఎందుకంటే మాస్టారిని తోసినవాడు ఆ తొంభై వాక్యాల సంగతి తెలిసినవాడైతే, ఆ ఒక్క వాక్యం రాసిన మనిషికి భూమ్మీద నూకలు ఎన్నాళ్లున్నాయో చెప్పలేం.

నల్లబల్ల మీద ఇంకా బుధవారం తేదీయే ఉంది. కింద సుద్దముక్కలున్నాయి. తుడిచే గుడ్డ మాత్రం లేదు.

"గురువారం మీరెన్నింటికి వచ్చారో మరొక్కసారి చెప్పండి సాంబమూర్తిగారూ."

మూలన రిజిస్టర్లు సర్దుతున్న సాంబమూర్తి తలెత్తాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, మెత్తని మాట. మాస్టారికి పాతికేళ్ల స్నేహితుడు. ఇద్దరూ గుంటూరు వైపు నుంచి ఒకే ఏడాది వచ్చారు. క్లాసు తాళాలు, అడ్మిషన్ రిజిస్టరు, నోట్‌బుక్కులు దిద్దడం అంతా ఆయన చేతి మీదే నడుస్తుంది.

"ఎల్బీనగర్‌లో ఆ రోజు బస్సు తప్పి ఆరింటికి మొదటి మెట్రో ఎక్కానండీ. ఆరూ పదికి వచ్చి ఈ తాళం తీశాను. స్టూలు మీద నోట్‌బుక్కులు లోపలికి తెచ్చి పెట్టుకున్నాను. ఆరూ ఇరవైకి..."

ఆరూ ఇరవైకి ఏం జరిగిందో అక్కడున్న అందరికీ తెలుసు. మాస్టారు బీపీ మాత్ర మర్చిపోయారని భావన ఇంటి నుంచి ఫోన్ చేసింది. ఆ ఫోను క్లాసులో మోగలేదు, మెట్ల మీద మోగలేదు. లిఫ్టు గుంత అడుగు నుంచి మోగింది. చాలాసేపు మోగింది.

"కరెంటు కూడా ఆయన మీద పగబట్టిందండీ ఆ రోజు" అన్నాడు సాంబమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "ఐదున్నరకి పోయింది, ఐదూ నలభై ఐదుకి గానీ రాలేదు. వెలుతురుంటే మెట్లనుకుని ఆ గుంతలో అడుగేసేవారా?"

విజయదుర్గ తన డైరీలో రాసుకుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా, అన్నీ ఉన్నాయి. ఇంత పొందికగా చెప్పే మనిషి దొరకడం అదృష్టం అనుకుంది.

తరువాత ఎదురుగా కూర్చున్న కుర్రాడి వైపు తిరిగింది. అభిలాష్‌కు ఇరవై ఒక్కేళ్లు. చిట్యాల దగ్గర పల్లెటూరు. బైక్ మీద పార్సిళ్లు వేస్తాడు, ఇంగ్లిష్ వస్తే ఆఫీసు పనికి మారొచ్చని క్లాసులో చేరాడు. పిలిచినప్పటి నుంచి వాడి మోకాలు ఆగకుండా ఊగుతోంది.

"నీ నోట్‌బుక్‌లో మూడో వాక్యం చదువు బాబూ."

అభిలాష్ పెదాలు తడుపుకుని చదివాడు. "యట్ ట్వంటీ టు సిక్స్, ఇన్ ఫ్రంట్ ఆఫ్ ది లిఫ్ట్, ఎ మ్యాన్ వజ్ వైపింగ్ ది డోర్ విత్ ఎ క్లాత్, బై ది లైట్ ఆఫ్ హిజ్ సెల్‌ఫోన్, వితౌట్ చెప్పల్స్."

ఐదూ నలభైకి, లిఫ్టు ముందు, ఒక మనిషి సెల్‌ఫోన్ వెలుతురులో, కాళ్లకు చెప్పుల్లేకుండా, గుడ్డతో తలుపు తుడుస్తున్నాడు.

"ఇది నువ్వు చూశావా?"

"చూసిన మేడమ్."

"ఎన్నింటికొచ్చావ్ నువ్వు?"

"జల్దినే ఒచ్చిన."

"జల్దీ అనే టైము ఏ గడియారంలోనూ ఉండదు."

"ఐదూ నలభై గట్ల ఉంటది మేడమ్."

"నీ నోట్‌బుక్ అడుగు నుంచి పద్నాలుగోది. నీకంటే ముందు పదమూడు మంది వచ్చారు. పదమూడోవాడు ఐదూ యాభై ఆరుకి వచ్చానని చెప్పాడు. సరే. నువ్వొచ్చేసరికి మెట్ల మీద లైటుందా?"

"ఉండె మేడమ్. ట్యూబ్‌లైట్ కిందనే కూసొని రాసిన."

"అంత లైటుండగా ఆ మనిషి సెల్‌ఫోన్ వెలుతురులో తుడుచుకోవడం దేనికి?"

అభిలాష్ నోట్‌బుక్ మూసేశాడు. మోకాలు ఊగడం ఆగిపోయింది.

"శభాష్!" అన్నారెవరో గుమ్మం దగ్గర. "ఇదే ప్రశ్న నేనూ అడుగుదామనే వచ్చాను."

ఇన్‌స్పెక్టర్ ఉపేంద్ర. బూట్లతోనే జంపఖానా మీదికి వచ్చేశాడు. ఒకప్పుడు విజయదుర్గతో కలిసి ట్రైనింగ్ చేసినవాడు. ఆవిడ ఉద్యోగం మానేసిన రోజున స్వీట్లు పంచాడని చెప్పుకునేవాళ్లు, నిజమో అబద్ధమో తెలియదు. మాస్టారిది ప్రమాదమని మొదటి రోజే ఫైలు కట్టేసింది ఆయనే. ఈ వాక్యం సంగతి భావన పొద్దున్నే ఫోన్ చేసి చెప్పడంతో ఇప్పుడు పరుగున వచ్చాడు.

"ఏంటి దుర్గగారూ, రిటైరయ్యాక హోంవర్కులు దిద్దుతున్నారా?"

"మీరు దిద్దకుండా వదిలేస్తే ఎవరో ఒకరు దిద్దాలి కదండీ."

"చూడని దాన్ని చూసినట్టు రాశాడంటే దానికి ఒకటే అర్థం. ఆ తుడిచినవాడు వీడే. భయంతో బుర్ర చెడి తను చేసిందే రాసేసుకున్నాడు. లే రా."

"చంపినవాడెవడైనా సాక్ష్యాన్ని తన చేత్తో రాసి, మార్కులెయ్యమని స్టూలు మీద పెడతాడా?"

"అది వీణ్నే అడుగుతాను."

"ఐదు నిమిషాలు నాకివ్వండి. బయట మెట్ల మీద మాట్లాడి తీసుకొస్తాను. ఎక్కడికీ పారిపోడు."

ఉపేంద్ర గడియారం చూసి, మీ ఖర్మ అన్నట్టు భుజాలెగరేశాడు.

మెట్ల మలుపులోకి రాగానే అభిలాష్ ఏడుపు లంకించుకున్నాడు. "నేనేం చేయలే మేడమ్. కాపీ కొట్టిన. రోజూ గట్లనే కొడత. పార్సిళ్లు ఏసి ఏసి ఒస్త, దారిల ఏం చూసిన్నో నాకే యాదికుండది. అడుగున ఉన్న నోట్‌బుక్ తీసి, రెండు మూడు లైన్లు రాసుకొని, మల్ల అడుగుకే పెడత. సాంబమూర్తి సారు చదవడు, ఉత్తగ టిక్కులు కొడతడు."

"అడుగున ఉన్నది ఎవరిది?"

"యాదలక్ష్మక్కది. అందరికన్న ముంగట గామెనే ఒస్తది. మంచిగ రాస్తది మేడమ్. అక్కకు చెప్పకుండ్రి, నా ఇజ్జత్ పోతది."

ఉరితాడు మెడ దాకా వస్తే వీడికి కాపీ కొట్టిన పరువు గురించే బాధ. ఇంకో సమయంలో అయితే విజయదుర్గకు నవ్వొచ్చేది. ఇప్పుడు మాత్రం నోట్‌బుక్కుల మీది పేర్లు వరసగా గుర్తు చేసుకుంది. లోపలున్న పద్ధెనిమిదింటిలో యాదలక్ష్మి పేరుతో ఏ నోట్‌బుక్కూ లేదు. అంటే గురువారం స్టూలు మీద ఉన్నవి పందొమ్మిది. ఒకటి మాయమైంది. మాయం చేసినవాడు అందులో ఏముందో చదివాడు. చదివినా, దాన్ని చూసి ఒక సోమరి కుర్రాడు కాపీ కొట్టి ఉంటాడని మాత్రం వాడి ఊహకు అందలేదు.

ఉపేంద్రను పక్కకు పిలిచి ఈ సంగతి మెల్లగా చెప్పింది. ఆయన వినిపించుకోలేదు.

"ఏదీ ఆ నోట్‌బుక్? చూపించండి. లేదు. ఉన్నది వీడి నోట్‌బుక్. నేను ఉన్నదాన్నే పట్టుకెళతాను. మధ్యాహ్నం రెండు దాకా మీకు టైము. మీ సాక్షిని తెచ్చుకోండి." అభిలాష్ రెక్క పట్టుకుని నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, ఈసారైనా సాక్షి పేరు నలుగురిలో చెప్పకండి. కిందటిసారి ఏమైందో గుర్తుందిగా?"

గుర్తు లేకేం? ఎనిమిదేళ్ల కింద, నమ్మకస్తుడనుకున్న ఒక మనిషి ముందు విజయదుర్గ ఒక సాక్షి పేరు అనేసింది. రెండో రోజు ఆ సాక్షి లేదు. కిష్టమ్మ అని, పూలమ్ముకునే మనిషి. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. ఆ రోజే విజయదుర్గ యూనిఫాం విప్పేసింది. ఇప్పటికీ మల్లెపూల వాసన వస్తే ఆవిడ దారి మార్చుకుంటుంది.

ఆ మాట సూదిలా దిగింది. కోపంలో మనిషికి కళ్లు కనపడవంటారు, నిజమే. విజయదుర్గ విసురుగా లోపలికి వచ్చి, "సాంబమూర్తిగారూ, యాదలక్ష్మి అడ్రసు, ఫోను నెంబరు కావాలి. వెంటనే" అంది.

"యాదలక్ష్మా? ఎందుకండీ?"

"అసలు చూసింది ఆవిడే."

సాంబమూర్తి రిజిస్టరు తిప్పి, పేజీ మీద వేలు పెట్టి, నెమ్మదిగా చదివి రాయించాడు. నాదర్‌గుల్‌లో ఏదో వీధి, పది అంకెల నెంబరు. "పాపం, మంచి అమ్మాయండీ. సూపర్‌మార్కెట్లో సరుకులు సర్దుతుంది. బిల్లింగ్ కౌంటర్‌కి వెళ్లాలని తాపత్రయం" అన్నాడు. తరువాత చొక్కా జేబు తడుముకున్నాడు. "నా షుగరు మాత్ర ఇంట్లో మర్చిపోయానండీ. ఎల్బీనగర్ వెళ్లి వేసుకుని గంటలో వస్తాను. తాళం భావనమ్మకి ఇస్తున్నాను." వంగి సంచీ తీసుకుని, బయట చెప్పులు తొడుక్కుని దిగిపోయాడు. అప్పుడు టైము పదీ పదిహేను.

విజయదుర్గ ఆ నెంబరు కొట్టింది. ఈ నెంబరు వాడుకలో లేదంది గొంతు. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

నాదర్‌గుల్ అంత దూరం పోయే ముందు చూడాల్సింది ఒకటుంది. ఆవిడ బయటికి వచ్చి, కింది నుంచి పైకి మెట్లు లెక్కపెట్టింది. లిఫ్టు ముందు నుంచి నాలుగో అంతస్తుకు ఎక్కే మెట్లలో ఏడోది గోడ పక్కన అరిగి నున్నగా ఉంది. రోజూ ముందుగా వచ్చేవాళ్లు అక్కడే కూర్చుంటారని నిన్న ఇద్దరు ముగ్గురు చెప్పారు. విజయదుర్గ అక్కడ కూర్చుంది. భావనను మెయిన్ స్విచ్ ఎక్కడుందని అడిగింది. కింద సెల్లార్లో, మీటర్ల పక్కన ఉందట. వెళ్లి కట్టెయ్యమంది.

రెండు నిమిషాలకు లైటు పోయింది. కిటికీ లేని మెట్లు. పట్టపగలే చెయ్యి చాస్తే చెయ్యి కనపడలేదు. ఎక్కడో కింది నుంచి నీళ్లు చుక్క చుక్కగా పడుతున్న చప్పుడు. లిఫ్టు చెడిపోయి పది రోజులైంది. తలుపు తెరుచుకోకుండా తాడు కట్టి ఉంచారు. గురువారం ఆ తాడు లేదు, ఎవరు విప్పారో ఎవరికీ తెలియదు. అటు చూస్తూ కూర్చుంటే ఆ తలుపు వెనక నుంచి ఇప్పుడే ఫోను మోగుతుందేమో అనిపించింది. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఆవిడ నిజంగానే భయపడింది.

తన ఫోనులో టార్చి వేసి, లిఫ్టు ముందు నేల మీద పెట్టి వచ్చి మళ్లీ కూర్చుంది. మెట్ల కటకటాల సందుల్లోంచి ఆ తలుపు స్పష్టంగా కనిపిస్తోంది. అక్కడ నిలబడ్డవాడి వీపు కనపడుతుంది, పాదాలు కనపడతాయి. మొహం కనపడదు. వాడికి మాత్రం ఈ చీకట్లో ఏడో మెట్టు మీద మనిషి ఉన్నట్టే తెలియదు. ఎవరో లిఫ్టు శుభ్రం చేస్తున్నారని యాదలక్ష్మి అనుకుని ఉంటుంది. వెలుతురొచ్చాక ఒక మంచి వాక్యం దొరికిందని సంబరపడి రాసి ఉంటుంది.

చెప్పుల్లేకుండా అని రాసింది. విజయదుర్గ ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఐదు సెంటర్లున్న ఈ బిల్డింగులో నాలుగింటివాళ్లు బూట్లతోనే తిరుగుతారు. ఉత్త కాళ్లతో లిఫ్టు దాకా వచ్చేది ఒక్క చోటి నుంచే. వాడి చెప్పులు క్లాసు గుమ్మం దగ్గర ఉన్నాయి. వాడి చేతిలోది నల్లబల్ల తుడిచే గుడ్డ. కానీ ఆ క్లాసు ఆరూ పది దాకా తాళం వేసి ఉంది కదా?

ఉందని ఎవరు చెప్పారు?

లైటు వచ్చింది. విజయదుర్గ ఫోను తీసుకుని చకచకా కిందికి దిగింది. బిల్డింగు గేటు ఎదురుగా లచ్చమ్మ టీ బండి. నాలుగున్నరకల్లా స్టవ్ వెలిగించే మనిషి.

"లచ్చమ్మా, గురువారం పొద్దున కరెంటు ఎంతసేపు పోయింది?"

"కరెంటా? ఏం పోలే బిడ్డా. నా బల్బు ఎలుగుతనే ఉండె. పక్క షాపోళ్లది గూడ ఉండె. ఎవలు చెప్పిన్రు పోయిందని?"

ఎవరు చెప్పారు? విజయదుర్గ డైరీ తెరిచింది. తన చేతిరాతే. ఐదున్నరకి పోయింది, ఐదూ నలభై ఐదుకి వచ్చింది. వీధిలో కరెంటు పోలేదు. బిల్డింగులో మెయిన్ ఎవరో కట్టేశారు, మళ్లీ వేశారు. పిల్లలందరూ ఆ తరువాతే వచ్చారు, వాళ్లకు చీకటే తెలియదు. ఆ పదిహేను నిమిషాల సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే ఉండాలి. మెట్ల మీద కూర్చున్న యాదలక్ష్మి ఒకరు. స్విచ్ కట్టినవాడు రెండోవాడు.

ఆరింటికి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కానన్న మనిషికి నిమిషాలతో సహా ఎలా తెలుసు?

పాతికేళ్ల స్నేహితుడు. తాళాలు ఆయన దగ్గర, నోట్‌బుక్కులు ఆయన దగ్గర. మాస్టారు అవకాశం ఇస్తానని పిలిచింది ఆయననే. రిజిస్టరులోంచి దొంగ నెంబరు చదివింది ఆయనే. యాదలక్ష్మి ఏమీ పోల్చుకోలేదులే అని మూడు రోజులు నిమ్మళంగా ఉన్నవాడితో, "అసలు చూసింది ఆవిడే" అని తనే చెప్పింది. నలుగురిలో కూడా కాదు, సరిగ్గా వాడికే చెప్పింది. కిష్టమ్మ మొహం కళ్ల ముందు కదిలింది.

"యాదలక్ష్మి తెలుసా నీకు? ఈ క్లాసుకొస్తుంది."

"తెల్వకేంది? రోజు నా కాడనే ఛాయ తాగుతది. నా ఫోన్ల నెంబరున్నది, చూస్కో."

లచ్చమ్మ ఫోనులోంచే కలిపింది. ఒక రింగు. రెండు. మూడు. నాలుగో దానికి ఎత్తారు.

"చెప్పు లచ్చవ్వా."

"యాదలక్ష్మీ, నేను విజయదుర్గని. మాస్టారి కేసు చూస్తున్నాను."

"ఎర్కనే మేడమ్! మీరే కదా పంపిన్రు సారును?"

"ఏ సారు?"

"సాంబమూర్తి సారు. నా నోట్‌బుక్ దొరికిందంట, ఇచ్చిపోదామని ఒచ్చిండు. ఇంత ఎండల, పాపం. ఛాయ పెడుతున్న."

పందొమ్మిదో నోట్‌బుక్ ఎక్కడుందో ఇక ఎవరినీ అడగక్కర్లేదు. విజయదుర్గ బండి అంచు గట్టిగా పట్టుకుంది. గొంతు వణక్కూడదు. గొంతు వణికితే అవతల ఒక ప్రాణం పోతుంది.

"యాదలక్ష్మీ, నవ్వుతూ మాట్లాడు. నేను అడిగినదానికే జవాబు చెప్పు, క్లాసులో మాస్టారికి చెప్పినట్టు. మీ ఇల్లు ఎక్కడ?"

"ఎల్బీనగర్ లనే మేడమ్. రింగురోడ్డు దాటినంక, నీళ్లట్యాంకి ఎనక సందుల, పచ్చగేటు."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవ్వలు లేరు. ఆయన బాటసింగారం పోయిండు, పండ్ల లోడుకు."

"సారు ఎక్కడ కూర్చున్నారు?"

"తలుపు కాడ. కుర్చీ గక్కడికే జరుపుకున్నడు."

"తలుపు ఎలా ఉంది?"

స్టవ్ మీద పాలు పొంగుతున్న చప్పుడు వినిపించింది. మళ్లీ మాట్లాడినప్పుడు యాదలక్ష్మి గొంతులో నవ్వు లేదు.

"గొళ్లెం పెట్టున్నది మేడమ్. నేను పెట్టలే."

"భయపడకు. వంటింట్లోంచి బయటికి దారుందా?"

"లేదు." ఊపిరి ఫోనుకు తగులుతోంది. మాట గుసగుసలోకి దిగింది. "మేడమ్... గొళ్లెం పెట్టనీకి సారు అటు తిరిగిండు. చెప్పులు బయట ఇడిసిండు. గా వీపు... గా వీపు నేను చూసిన మేడమ్."

ఏదో కింద పడి పగిలింది. ఫోను చేతులు మారిన చప్పుడు. తరువాత మెత్తని గొంతు, ఎప్పటిలాగే మర్యాదగా.

"అమ్మాయి బాగా నేర్చుకుందండీ. ఎక్కడో చెప్పింది. ఎలాగో చెప్పింది. ఇక ఎప్పుడన్నదే మిగిలింది."

ఫోను ఆగిపోయింది. టైము పదకొండూ ఐదు.

విజయదుర్గ రోడ్డుకు అడ్డంగా పరుగెత్తి, కదులుతున్న ఆటో ముందు నిలబడింది. జన్మలో చెయ్యననుకున్న నెంబరు నొక్కి, ఉపేంద్ర హలో అనేలోపే నీళ్లట్యాంకి, సందు, పచ్చగేటు అని అరిచింది. ఆటో ఎక్కింది. లచ్చమ్మ ఫోను ఇంకా తన చేతిలోనే ఉందని అప్పుడు చూసుకుని, యాదలక్ష్మికి మళ్లీ కలిపింది.

ఫోను మోగుతోంది. చాలాసేపటి నుంచి మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.